ట్యాగుతో మంటలారవు

ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం పాటు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే రోజున బొంబాయి రేవులో జరిగిన పేలుళ్లలో విధి నిర్వహణలో నేలకొరిగిన సిబ్బంది స్మృతికి ఆ వారం. బడుల్లో, ఆస్పత్రుల్లో, మాల్స్‌లో ట్రేలో నూనె పోసి నిప్పంటించి ఆర్పి చూపిస్తారు. వారం ముగిశాక గోడలకు వేలాడే, మంటలార్పే ఎర్ర సిలిండర్ల గురించి పట్టించుకునే నాథుడుండడు. వాటి మెడలో ట్యాగు మాత్రం ఏడాదికోసారి మారుతుంది. రీఫిల్ చేసిన తేదీ, గడువు తేదీ, కింద ఓ సంతకం. చాలాచోట్ల మారేది ఆ ట్యాగొక్కటే. ఇది నిర్లక్ష్యం కాదు, మోసం.

బోయిగూడ, రూబీ లాడ్జి, స్వప్నలోక్, బజార్‌ఘాట్, గుల్జార్ హౌజ్. 2022 మార్చి నుంచి 2025 మే వరకు జంట నగరాల్లో ఈ ఐదు చోట్ల జరిగిన అగ్నిప్రమాదాల్లోనే 50 మందికి పైగా చనిపోయారు. ఇరుకు మెట్లు, ఒకే దారి, సెల్లార్లో సరుకు ఉన్నచోట సిలిండర్ ఏం చేస్తుందని కొందరు అడుగుతున్నారు. చిన్న దుకాణాలకు ఆ ఖర్చు బరువని ఇంకొందరంటున్నారు. మెట్ల వెడల్పును సిలిండర్ పెంచలేదు, నిజమే. కానీ మీటర్ బోర్డులోనో, చెత్తబుట్టలోనో రేగిన మంట మొదటి ఒకటి రెండు నిమిషాల్లో చిన్నదిగానే ఉంటుంది. అప్పుడు చేతికందే సాధనం అదొక్కటే. అందులో మంటనార్పే పొడి ఉందో లేదో ఎవరూ చూడకుండానే ‘ఉంది’ అని సంతకం పెడుతున్నారు. మా అభ్యంతరం అక్కడే.

అడిగితే సిలిండర్ మీది ఒత్తిడి మీటరు చూపి ‘ముల్లు పచ్చలోనే ఉంది కదా’ అంటారు. ఆ ముల్లు చెప్పేది పొడిని బయటికి నెట్టే నత్రజని ఒత్తిడి గురించే, పొడి గురించి కాదు. ఏళ్ల తరబడి గోడకు వేలాడిన ఏబీసీ సిలిండర్‌లో, అంటే కట్టె, నూనె, గ్యాస్ మంటలకు వాడే పొడి సిలిండర్‌లో, పొడి అడుగుకు దిగి గడ్డకడుతుంది. మీట నొక్కితే గ్యాస్ ఆ గడ్డలోంచి దారి చేసుకుని తుస్సుమని బయటపడుతుంది, పొడి లోపలే ఉండిపోతుంది. ఒత్తిడి తగ్గిన సిలిండర్‌కు తల విప్పకుండా నత్రజని మాత్రం ఎక్కించి రీఫిల్ అని బిల్లు వేస్తే జరిగేది ఇదే. నిజమైన రీఫిల్ అంటే తల విప్పాలి, పాత పొడి తీయాలి, వాల్వ్ శుభ్రం చేయాలి, రబ్బరు వాషర్ మార్చాలి, కొత్త పొడిని తూచి పోయాలి. ఒక్కసారి, క్షణం సేపు నొక్కి చూసిన సిలిండర్‌నూ మళ్లీ నింపాల్సిందే. వాల్వ్‌లో ఇరుక్కున్న పొడి రేణువుల పక్క నుంచి ఒత్తిడి మెల్లగా కారిపోతుంది.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కైతే ముల్లే ఉండదు. దాన్ని కాటా మీద పెట్టాలి. ఖాళీ బరువు దాని మీదే చెక్కి ఉంటుంది. నింపిన గ్యాస్‌లో పది శాతానికి మించి తగ్గితే మళ్లీ నింపించాలి. పొడి సిలిండర్లకు మూడేళ్లకు, కార్బన్ డయాక్సైడ్ వాటికి అయిదేళ్లకు నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష ఎప్పుడు జరిగిందో చూపమని రీఫిల్ చేసేవాళ్లను ఎందరు అడుగుతున్నారు?

కొనేటప్పుడూ చూపు ధర మీదే. ముందు చూడాల్సింది ఐఎస్ఐ ముద్ర. దాని కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. ఏబీసీ పొడిలో మ్యాప్ 50, మ్యాప్ 90 అని రెండు రకాలు అమ్ముతారు. మంటనార్పే రసాయనం మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ (మ్యాప్) మొదటి దాంట్లో సగం, రెండో దాంట్లో తొంభై శాతం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి లేబుల్ చదవాలి. కంప్యూటర్లు, ప్యానెల్ బోర్డులున్న గదికి కార్బన్ డయాక్సైడ్ మేలు, పొడి పడితే ఆ పరికరాలు తుప్పుపట్టి పాడవుతాయి. హోటల్ వంటగదిలో మూకుళ్ల దగ్గర వెట్ కెమికల్ రకమే, అంటే నూనె మీద నురుగుపొరలా పరుచుకునే ద్రవం ఉన్నదే పెట్టాలి. కాగే నూనె మీద నీళ్లు పోస్తే మంట పైకప్పుకు ఎగబాకుతుంది.

వాడటం తెలియకపోతే కొన్న డబ్బులు వృథా. మెట్లో, తలుపో వీపు వెనక ఉండేలా నిలబడాలి. సీలు తెంపి పిన్ను లాగాలి. మంటకు రెండు మూడు మీటర్ల దూరంలో ఆగి, పైకి లేచే నాలుకల మీద కాకుండా మంట మొదట్లోకి గురిపెట్టి మీట నొక్కి, అటూ ఇటూ ఊడ్చినట్టు కొట్టాలి. ఆరు కిలోల సిలిండర్ అయినా పది పదిహేను సెకన్లలో ఖాళీ అవుతుంది. కంగారులో ఆ సెకన్లన్నీ పొగ మీద వృథా చేసేవాళ్లే ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను పిడి దగ్గరే పట్టుకోవాలి. గ్యాస్ బయటికొచ్చే వెడల్పు మూతిని (హారన్) పట్టుకుంటే చల్లదనానికి చర్మం కాలినట్టు ఊడుతుంది. చిన్న గదిలో దాన్ని కొట్టి అక్కడే నిలబడితే ఊపిరాడదు.

వంటగ్యాస్ మంటను ఆర్పే అసలు మార్గం రెగ్యులేటర్ కట్టేయడం. గ్యాస్ ఆగకుండా మంట ఒక్కటే ఆర్పితే గది నిండా గ్యాస్ చేరి పేలుతుంది. రూబీ లాడ్జిలో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి పొగ పైఅంతస్తులను ముంచేసింది. అలాంటి స్కూటర్లలోని లిథియం బ్యాటరీ అంటుకున్నాక ఏబీసీ పొడి కొట్టినా లోపలి వేడి తగ్గక మళ్లీ మండుతుంది. అక్కడ అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేయడమే పని. మంట నడుము ఎత్తు దాటినా, పొగ కమ్మినా అంతే.

ఇవన్నీ రహస్యాలేమీ కావు. అగ్నిమాపక శాఖకు కంఠతా వచ్చు. అయినా తనిఖీకి వెళ్లినవారు తేదీ చదివి, సంతకం చూసి వెనక్కి వస్తే ఆ సంతకానికి శాఖే ముద్ర వేసినట్టు. ఈ ఏడాది ట్యాగు చాలితే వచ్చే ఏడాది సిలిండర్ ఎందుకని భవన యజమాని అనుకోడా? తనిఖీలో ఏదో ఒక సిలిండర్‌ను ఎంచి కాటా మీద పెట్టాలి. మరొకదాన్ని అక్కడి వాచ్‌మన్ చేతికిచ్చి ఆవరణలో కొట్టించాలి. పొడి రాకపోతే ట్యాగు మీద సంతకం చేసినవారి మీద, దాన్ని గోడకు తగిలించిన యజమాని మీద కేసు పెట్టాలి. అంతకుముందు తనిఖీలో అన్నీ బాగున్నాయని రాసిన అధికారి పేరు కూడా అదే కేసులో ఉండాలి.