డాక్టరు గారి సిఫార్సు లేఖకు నడుం నొప్పివాడి విన్నపం

మహారాజశ్రీ గంజాయి సిఫార్సు లేఖ గారి దివ్యసముఖానికి,

కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్ నుంచి, నర్సీపట్నం వాస్తవ్యులు, రిటైర్డ్ ఎక్సైజు హెడ్ కానిస్టేబుల్ గారి రెండో అబ్బాయి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు క్షేమం. ఫ్రిజ్ తలుపు మీద, తిరుపతి నుంచి తెచ్చిన అయస్కాంతం కింద హాయిగా వేలాడుతున్నారు. నా సంగతి అంటారా, ఎల్4, ఎల్5 పూసల మధ్య డిస్కు జారి, ఎడమ తుంటి దగ్గర మొదలై బొటనవేలి దాకా కరెంటు పాకుతోంది. కూర్చుంటే నొప్పి, పడుకుంటే ఇంకా నొప్పి. అందుకని రాత్రి రెండున్నరకి వంటింటి గట్టు దగ్గర నిలబడి ఈ ఉత్తరం రాస్తున్నాను. దస్తూరి బాగోకపోతే మన్నించగలరు.

సిఫార్సు అనే మాట నాకు కొత్త కాదండి. మా వైపు పుట్టినవాడు ఎవడైనా సిఫార్సుతోనే పెరుగుతాడు. తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే గారి లెటరు ఉంటుంది. "ఫలానా వారు నాకు బాగా తెలిసినవారు, దర్శనం కల్పించగలరు" అని. ఆయనకి మనం తెలియదు, మనకి ఆయన పీఏ మాత్రమే తెలుసు. అయినా దేవుడు కనిపిస్తాడు. మా నాన్నకి పాడేరు నుంచి నర్సీపట్నం బదిలీ కావడానికి మూడు సిఫార్సులు పట్టాయి. కాబట్టి అమెరికాలో గంజాయికి డాక్టరు ప్రిస్క్రిప్షన్ రాయడు, రికమెండేషన్ మాత్రమే ఇస్తాడు అని విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడా మన పద్ధతేనన్నమాట!

అసలు తమరి అవసరం నాకేమిటని ఎవరైనా అడుగుతారు. న్యాయమే. 2018 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో 21 ఏళ్లు నిండిన ఎవరైనా డ్రైవింగ్ లైసెన్సు చూపించి 28.5 గ్రాముల దాకా కొనుక్కోవచ్చు. నొప్పి ఉందా, నొప్పి నటిస్తున్నావా అని అడిగేవాడే లేడు. కానీ నేను ఎక్సైజు వారి ఇంట్లో పుట్టాను. చింతపల్లి, జీకే వీధి వైపు తోటలు నరికించడానికి వెళ్లి నాన్న మూడు రోజులకి వచ్చేవాడు. ఆ ఖాకీ బట్టల్ని అమ్మ ముక్కు మూసుకుని వేరే బకెట్లో నానబెట్టేది. పైన పనసకాయలు, కింద సరుకు వేసుకుని దొరికిపోయిన లారీలు స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టి ఉంటే, బడి నుంచి వస్తూ టైర్ల మీద ఎక్కి ఆడుకునేవాళ్లం. మా ఇంట్లో ఆ మొక్క పేరు ఎత్తేవారు కాదు, "సరుకు" అనేవారు. అలాంటి వంశంలో పుట్టి చేతిలో కాగితం లేకుండా దాన్ని ముట్టుకుంటే నిద్ర పడుతుందా? నిద్ర కోసమే కదా ముట్టుకునేది.

ఇంకో కారణం కూడా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఎంత వేసుకోవాలో ఒక డాక్టరు నోట వినాలని నా ఆశ.

ముందు మా కుటుంబ డాక్టరమ్మనే అడిగాను. పన్నెండేళ్లుగా తెలిసిన మనిషి. నేను అడగగానే నా మొహం వదిలేసి కంప్యూటర్ వైపు తిరిగింది. "మా సంస్థలో మేమవి ఇవ్వమండీ" అంది. మంచిదా చెడ్డదా అంటే చెప్పదు. వాడమంటారా వద్దంటారా అంటే నవ్వింది. బయటికి వస్తుంటే మాత్రం, "చాలామంది ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారు లెండి" అని తలుపుకి చెప్పినట్టు చెప్పింది.

ఆ ఆన్‌లైన్‌లోనే తమరి జననం. ఫీజు 49 డాలర్లు. "ఆమోదం రాకపోతే డబ్బు వాపసు" అని ఎర్రక్షరాల్లో రాసి ఉంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. సరే అంటేనే జీతం, కాదంటే పస్తు అన్న ఒప్పందం మీద కూర్చున్న డాక్టరు ఈ జన్మలో ఎవరికైనా కాదని చెబుతాడా? మా ఊరి ఆరెంపీ కూడా ఒకోసారి "నీకు సూది అక్కర్లేదు పోరా" అని పంపేసేవాడు.

వీడియోలో ప్రత్యక్షమైన డాక్టరు వెనకాల గోడ, గోడకి ఆనించిన పరుపు. నేను ఎమ్మారై రిపోర్టు ఏడు పేజీలు వరసగా పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీ కెమెరాకి చూపించబోతే, "అక్కర్లేదు, అక్కర్లేదు" అన్నాడు. నొప్పి ఎక్కడ? నడుం. ఎన్నాళ్లుగా? రెండేళ్లుగా. నిద్ర? లేదు. అయిపోయింది. అప్పుడు నేను అడిగాను, "ఎంత వాడాలండీ?" అని. "తక్కువతో మొదలుపెట్టండి, నిదానంగా పెంచుకోండి" అన్నాడు. తక్కువంటే ఎంత? "అది మనిషిని బట్టి." నేను బీపీ మాత్ర వేసుకుంటాను, రెండూ పడతాయా? "అది మీ డాక్టరుని అడగండి."

మరి తమరెవరు స్వామీ, అని నోటిదాకా వచ్చింది. గడియారం చూస్తే నాలుగు నిమిషాలు. తగిన పరీక్ష చేయకుండా సిఫార్సు ఇస్తే అది వృత్తికి తగని ప్రవర్తన అని ఈ రాష్ట్రంలో చట్టమే ఉంది. ఆ పరీక్ష ఇదేనేమో. నిజానికి పాసయ్యింది నేను కాదు, నా క్రెడిట్ కార్డు.

ఐదో నిమిషానికి తమరు ఈమెయిల్లో దయచేశారు. బంగారు రంగు ముద్ర, చుట్టూ రంపపు పళ్ల చక్రం, లతలు అల్లిన అంచు. పెళ్లి శుభలేఖ అనుకుని మా ఆవిడ ముహూర్తం ఎప్పుడని అడిగింది. లోపల ఒకటే వాక్యం పదే పదే: ఈ రోగికి గంజాయి వల్ల మేలు జరగవచ్చునని నా అభిప్రాయం. మేలు జరుగుతుంది అని కాదు, వాడమని కాదు. జరగవచ్చునట, అది అభిప్రాయమట. ఎమ్మెల్యే గారి లెటర్లో ఇంతకన్నా ఆత్మవిశ్వాసం ఉంటుంది.

కోపం వచ్చి తమరి వంశవృక్షం తవ్వాను. 1996 నవంబరు 5న ఇక్కడి ఓటర్లు ప్రపోజిషన్ 215 అనే, వైద్యానికి గంజాయి వాడుకోనిచ్చే చట్టాన్ని నేరుగా ఓటేసి నెగ్గించారు. అందులో జబ్బుల జాబితా చూస్తే ముచ్చటేసింది. క్యాన్సరు, ఎయిడ్స్, గ్లకోమా, కీళ్లవాతం, మైగ్రేన్... చివర్లో, గంజాయి వల్ల ఉపశమనం కలిగే "ఇంకే జబ్బయినా". మా ఊరి సంతలో బల్లెం పాతి నూనె అమ్మేవాడు కూడా జాబితాని ఇంత ఉదారంగా ముగించడు. ఇంకో చిత్రం, డాక్టరు సిఫార్సు రాతలోనే ఉండక్కర్లేదు, నోటి మాట చాలు అంటుంది ఆ చట్టం. అంటే తలుపుకి చెప్పినట్టు చెప్పిన మా డాక్టరమ్మ కొంచెం గొంతు పెంచి ఉంటే నాకు 49 డాలర్లు మిగిలేవి.

ఇక 2003లో వచ్చిన చట్టం. కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ద్వారా రోగులకి కార్డులిచ్చే ఏర్పాటు చేసింది. దాని నంబరు ఎస్‌బీ 420. ఇక్కడ 1971లో శాన్ రఫేల్ హైస్కూలు పిల్లలు కొందరు సాయంత్రం 4:20కి కలుసుకుని పొగ పీల్చేవారట, అలా ఆ అంకె గంజాయికి గుర్తయిపోయింది. కానీ మనకి ఫోర్ ట్వంటీ అంటే ఏమిటో తమరికి తెలియదు కాబోలు. మా నాన్నకి చెబితే, "చట్టానికి వాళ్లే ఆ పేరు పెట్టుకున్నారా? నిజాయితీపరులే!" అన్నాడు.

కానీ ఒక చోట నా నవ్వు ఆగిపోయింది, అదీ చెప్పాలి. తమరు పుట్టినప్పుడు ఇలా లేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్‌తో కుర్రాళ్లు ఎముకల గూళ్లయిపోతున్న రోజులవి. అన్నం సయించదు, మింగిన మందు నిలవదు. జనరల్ ఆసుపత్రి 86వ వార్డులో మేరీ రాత్‌బన్ అనే పెద్దావిడ వాళ్లకి గంజాయి కలిపిన బ్రౌనీలు వండి తెచ్చి పెట్టేది, అరెస్టయి మళ్లీ వండేది. 215 నెగ్గిన రెండు నెలలు తిరక్కుండానే కేంద్ర ప్రభుత్వం డాక్టర్లని బెదిరించింది. సిఫార్సు చేశారో, మందులు రాసే రిజిస్ట్రేషన్ పీకేస్తాం, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా నుంచి తోసేస్తాం అని. మార్కస్ కోనంట్ అనే ఎయిడ్స్ డాక్టరు, ఆయనతోపాటు ఇంకొందరు కోర్టుకెక్కారు. మందు రాయడం వేరు, రోగితో మాట్లాడటం వేరు, డాక్టరు నోరు నొక్కే హక్కు ప్రభుత్వానికి లేదని 2002లో తొమ్మిదో సర్క్యూట్ అనే కేంద్ర అప్పీళ్ల కోర్టు తేల్చింది. అందుకే తమరు మందుచీటీ కాలేదు. నా నడుం నొప్పికి డాక్టరు రాసిచ్చింది వాక్స్వాతంత్ర్యం. ఆనాటి డాక్టరు లైసెన్సు పణంగా పెట్టి రోగితో మాట్లాడాడు. నా డాక్టరుకి మాట్లాడే హక్కు ఉంది, ఐదో నిమిషం లేదు.

తమర్ని మడిచి జేబులో పెట్టుకుని ఓక్లాండ్‌లో దుకాణానికి వెళ్లాను. గుమ్మం దగ్గర కాపలావాడు లైసెన్సు చూశాడు, తమర్ని చూడలేదు. లోపల బంగారం కొట్టులా అద్దాల బల్లలు. కౌంటర్లో ముక్కుపుడక పెట్టుకున్న పాతికేళ్ల లోపు కుర్రాడు. ఈ కొలువుని బడ్‌టెండర్ అంటారు. సీసాల మీద పేర్లు చదివాను: బ్లూ డ్రీమ్, సోర్ డీజిల్, గ్రాండ్‌డాడీ పర్పుల్. మా మన్యంలో పండేదానికి శీలావతి అని పేరు. పెట్టినవాడెవడో గానీ వాడి ముందు ఈ డీజిళ్లు దిగదుడుపే.

ఆ కుర్రాడు మాత్రం నన్ను అడగాల్సినవన్నీ అడిగాడు. నొప్పి పొద్దున ఎక్కువా, రాత్రి ఎక్కువా? ఇదివరకు ఎప్పుడైనా తీసుకున్నావా? ఇంటికి డ్రైవ్ చేస్తావా? వేరే మాత్రలున్నాయా? చివరికి ఒక గమ్మీల (గంజాయి కలిపిన జెల్లీ బిళ్లల) డబ్బా తీసి, ఒక్కోటి 10 మిల్లీగ్రాములు, కత్తెరతో సగం చెయ్యి, సగం కూడా ఎక్కువైతే పావు చెయ్యి, పనిచేయడానికి గంటన్నర పట్టొచ్చు, ఈలోగా తొందరపడి రెండోది నోట్లో వేసుకోకు, అని నా కళ్లలోకి చూస్తూ చెప్పాడు. నాతో మోతాదు గురించి మాట్లాడిన మొదటి మనిషి అతనే. చేతులెత్తి దండం పెట్టబోయి ఆగాను.

అప్పుడు గర్వంగా తమర్ని తీసి బల్ల మీద పరిచాను, పన్ను తగ్గుతుందని. అతను జాలిగా చూశాడు. అమ్మకం పన్ను పోవాలంటే కౌంటీ ఇచ్చే కార్డు కావాలి, ఈ కాగితం దానికి దరఖాస్తుతో జతచేసే కాగితం మాత్రమేనట. కార్డు ఫీజు 100 డాలర్ల దాకా ఉండొచ్చు. అక్కడే నిలబడి లెక్క వేశాను. తమరి 49, కార్డుది 100, ఏటేటా రెండూ కొత్తవి. పన్ను పది శాతం అటూ ఇటూ. అంటే ఏడాదికి దాదాపు 1,500 డాలర్ల గంజాయి తింటే గానీ నాకు అసలు రాదు. అంత తిన్నవాడికి నడుం ఉందో లేదో కూడా గుర్తుండదు.

పోనీ, బయట తమరు నన్ను కాపాడతారా? వైమానిక దళంలో పనిచేస్తూ నడుం దెబ్బతిన్న గ్యారీ రాస్ అనే ఆయన, కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు మూత్ర పరీక్షకి వెళ్తూ తమరి జాతి కాగితమే కాపీ ఇచ్చాడు. ఉద్యోగం ఊడింది. 2008లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీ చేసింది తప్పు కాదంది. 2024 నుంచి కొత్త చట్టం వచ్చి ఉద్యోగులకి కొంత రక్షణ దొరికింది, అదీ తమరి చలవ కాదు. మొన్న పాట్‌లక్‌లో ఒక హెచ్‌1బీ తమ్ముడు నన్ను బాల్కనీలోకి లాగి, "అన్నా, నాక్కూడా ఆ లెటరు ఇప్పించరాదూ, నా మెడ పనికిరాకుండా పోయింది" అన్నాడు. వాడి నోరు నా చేత్తోనే మూశాను. రాష్ట్రంలో చట్టబద్ధమైనా కేంద్ర చట్టం ప్రకారం అది నేరమే కాబట్టి, పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తనకి అడ్డు అని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ వాళ్లు కాగితం మీద పెట్టి మరీ చెప్పారు. నేను కూడా సిటిజన్‌షిప్ ప్రమాణం చేసేదాకా నొప్పిని పళ్ల బిగువున భరించానంటే ఎందుకనుకున్నారు? తమరిలాంటి కాగితం గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడి ఫ్రిజ్ మీద ఉంటే అది సిఫార్సు కాదు, వాంగ్మూలం.

పనిచేసిందా అంటారా? కొన్ని రాత్రులు చేసింది. పావు ముక్కతో నాలుగు గంటలు ఏకబిగిన పడుకున్న రోజున లేచి ఏడ్చినంత పని చేశాను. పెద్దవాళ్లలో దీర్ఘకాలపు నొప్పికి ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయని 2017లో నేషనల్ అకాడమీస్ అనే ఇక్కడి శాస్త్రవేత్తల సంస్థ నివేదిక కూడా అంది. నా తగాదా మొక్కతో కాదు. ఒక రాత్రి తొందరపడి రెండో ముక్క వేసుకున్నాను. ఆ రాత్రి ఫ్రిజ్ మీద నుంచి తమరు నాతో చాలాసేపు మాట్లాడారు. అప్పుడైనా మోతాదు చెబుతారేమోనని చెవులు రిక్కించి విన్నాను. చెప్పలేదు.

అదే మొక్కలోంచి తీసిన ఎపిడయోలెక్స్ అనే మందుకి 2018లో ఎఫ్‌డీఏ (ఇక్కడ మందులకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) అనుమతి వచ్చింది, కొన్ని అరుదైన మూర్ఛ జబ్బులున్న, రెండేళ్లు నిండిన రోగులకి. కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క, వేరే ఏ మందులతో పడదో జాబితా, సీసా మీద రోగి పేరు. అక్కడ తమరి ఊసే లేదు.

నిన్న నాన్న వీడియో కాల్‌లో దొరికాడు. ఎనభై దాటింది, కళ్లజోడు మార్చాడు. దాచి లాభం లేదని చెప్పేశాను. తిడతాడనుకున్నా. "ఏదీ, ఆ కాయితం ఇలా పెట్టు" అన్నాడు. కెమెరాకి ఎదురుగా తమర్ని పట్టుకున్నాను. పంచనామా చదివినట్టు పై నుంచి కింద దాకా పెదాలు కదుపుతూ చదివాడు. ముద్ర చూశాడు, సంతకం చూశాడు, మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఏట్రా ఇది," అన్నాడు, "మేం సరుకు పట్టుకున్నప్పుడు శాంపిల్‌కి 24 గ్రాములు తూచి, సీలేసి, మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టించేవాళ్లం. గ్రాము తేడా వస్తే కోర్టులో ప్లీడరు నా తోలు ఒలిచేవాడు. వైద్యుడు ఇచ్చిన కాయితం అంటున్నావు. ఇందులో తూకమేదిరా?"

తమరే సమాధానం చెప్పాలి. నాన్న లైన్లోనే ఉన్నాడు.

ఇట్లు
తమ విధేయుడు,
ఎల్4, ఎల్5ల మధ్య నివాసి