ప్యాసేజ్‌కి మహాలఘు దర్శనం

ఇంగ్లీషు రీడింగ్ కాంప్రహెన్షన్‌లో, అంటే ఒక ప్యాసేజ్ ఇచ్చి అర్థమైందో లేదో కింద ప్రశ్నలు అడిగే చోట, మార్కులు రావాలంటే ఒక పని మాత్రం చేయకూడదు. చదవకూడదు. యాభై నాలుగేళ్ళు నెత్తి మీదికి వచ్చినా ఈ రహస్యం నాకు ఎవరూ చెప్పలేదు. మొన్న తిరుపతిలో, బాలాజీ కాలనీ వైపు ఒక మేడ మీద, ఉచిత డెమో క్లాసులో తెలిసింది. కింద టిఫిన్ సెంటరు, పైన జిరాక్స్ షాపు, ఆపైన జ్ఞానం.

నేనెందుకు పోయానంటే, మా అక్క కొడుకు పలమనేరు నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. బీటెక్ అయింది. బ్యాంకు పీఓ, అంటే ప్రొబేషనరీ ఆఫీసరు, పరీక్ష రాస్తాడట. కోచింగుకి నంద్యాల పోతానంటే, "తిరుపతిలో మీ మామ ఉండగా నంద్యాలలో హాస్టలు ఖర్చు దేనికిరా" అని మా అక్క తేల్చేసింది. వాడితో పాటు చివరి బెంచీలో కూర్చున్నాను. పక్కన కూర్చున్న కుర్రాడు నన్ను చూసి, "ఏజ్ లిమిట్ ఏమైనా పెంచినారా సార్?" అని ఆశగా అడిగాడు.

సార్ వచ్చాడు. మెడలో మైకు, చేతిలో స్టాప్‌వాచ్. బోర్డు మీద మూడు అంకెలు వేశాడు. ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి వడపోత పరీక్షలో, ఇంగ్లీషుకి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకి 40 సెకన్లు. తప్పు పెడితే పావు మార్కు పోతుంది. "ఈ 40 సెకన్లలో మీరు ప్యాసేజ్ చదువుతా కూర్చుంటే ఏమవుతారు? పీఓ కారు. పాఠకులు అవుతారు!"

క్లాసంతా నవ్వింది. నలభై ఏళ్ళుగా పత్రికలు కొనుక్కుని చదువుకుంటున్నవాణ్ణి, పాఠకుడనే మాట తిట్టు అని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత విధానం చెప్పాడు. ముందు ప్రశ్న చూడాలి. అందులో ముఖ్యమైన మాట ఒకటి పట్టుకోవాలి. ఆ మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో, తప్పిపోయిన కోడిని వెతికినట్టు కళ్ళతో వెతకాలి. దొరికితే దాని ముందు లైను, వెనక లైను చూసి జవాబు పెట్టి బయటపడాలి. మిగతా ప్యాసేజ్ ఎందుకుంది అని ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. అడగటానికి కూడా 40 సెకన్లు పడుతుంది కదా.

తిరుపతివాళ్ళకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కొండ మీద రద్దీ పెరిగినప్పుడు లఘు దర్శనం అంటారు, ఇంకా పెరిగితే మహాలఘు దర్శనం. దూరం నుంచే దండం పెట్టుకోవాలి. పెట్టుకునే లోపల "జరగండి, జరగండి" అని భుజం మీద చెయ్యి పడుతుంది. సార్ ప్యాసేజ్‌కి చేయిస్తున్నది ఇదే. మొదటి పేరా గడప దగ్గర ఒక్క క్షణం తల ఎత్తామో లేదో, స్టాప్‌వాచ్ పట్టుకుని "మూవ్, మూవ్" అంటాడు. ఒక్కటే తేడా. కొండ మీదికి మనం పోయేది స్వామిని చూడాలనే. ఆ అరక్షణం చూపు కోసం అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ళున్నారు. ఇక్కడ మెట్లన్నీ ఎక్కించి, గుడి ముందర నిలబెట్టి, కళ్ళు మూసుకో, టైం వేస్ట్ అంటున్నారు.

ఆప్షన్ల శాస్త్రం ఇంకా గొప్పది. "ఎప్పుడూ", "ఎన్నడూ", "మాత్రమే", "అందరూ" అని ఉన్న ఆప్షన్ కొట్టేయాలి. ఎందుకంటే ప్రపంచంలో ఏదీ ఎప్పుడూ అలా ఉండదట. ఇది జైన దర్శనంలో అనేకాంతవాదం, ఇక్కడ ఎలిమినేషన్ టెక్నిక్. రచయిత టోన్ ఏమిటి అని అడిగితే కోపం, ఏడుపు, వెటకారం ఉన్నవి కొట్టేసి "ఎనలిటికల్", అంటే విశ్లేషణ, పెట్టుకోవాలి. రాసినాయన కడుపు మండి రాసినా, కళ్ళనీళ్ళతో రాసినా సరే, పరీక్షలోకి వచ్చేసరికి ఎనలిటికల్ అయిపోతాడు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్నతనంలో, 1896 నుంచి 1900 దాకా, ఈ తిరుపతిలోనే మిషన్ బడిలో చదివారు. కట్టమంచి రామలింగారెడ్డి గారిది చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచి. కేంబ్రిడ్జిదాకా పోయి చదివి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పాపం, వాళ్ళ కాలంలో డెమో క్లాసులు లేవు. పుస్తకాలు మొదటి నుంచి చివరిదాకా చదవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక మావాడు అభ్యాసం మొదలుపెట్టాడు. వారం తిరగకుండానే ఏ కాగితం చేతికిచ్చినా అదే పద్ధతి. కరెంటు బిల్లు ఇస్తే అంకె ఒకటి చూసి వెనక్కి ఇచ్చేస్తాడు. అది మనందరం చేసేదే, పోనీ. దూరపు బంధువుల ఇంటి పెళ్ళికి నా బదులు వాడిని పంపాను. శుభలేఖ చేతిలో పెట్టాను. తేదీ, టైము, వీధి, మూడూ మూడు సెకన్లలో లాగేశాడు. తిరుపతి పెళ్ళిళ్ళ సంగతి మీకు తెలిసిందే, ముహూర్తం ఉందంటే ఒకే వీధిలో వరసగా నాలుగు మండపాలు వెలిగిపోతుంటాయి. మావాడు పోయాడు, అక్షింతలు వేశాడు, కవరు చదివించాడు, చక్కెర పొంగలి రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు, వచ్చాడు. రాత్రి మా బంధువు ఫోన్ చేసి, "మీ తరఫున ఎవరూ రాలేదేం?" అన్నాడు. వాడిని పిలిచి పెళ్ళికొడుకు పేరేమిటని అడిగాను. "అది ప్రశ్నల్లో లేదు కదా మామా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఒక ప్యాసేజ్ నేనే తయారుచేశాను. ఇంగ్లీషు వ్యాకరణం ఎక్కడా తప్పకుండా, పేర్లూ పనులూ మాత్రం భూమ్మీద లేనివి పెట్టి రాశాను. తెలుగులోకి దించితే ఇలా ఉంటుంది:

"తెల్లవారుజామున ముదురు జింబడాలు రెండు కుల్లంకిని డొరుకుతున్నాయి. ఎండ పెరగడం వల్ల కుల్లంకి తడిబిక్కయింది. అందుచేత జింబడాలు గరసానికి పోయి మూడు పిటకలు లొంచి వచ్చాయి. అయితే ఊరి పెద్దలు పిటకలు లొంచడాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు."

కింద ఆరు ప్రశ్నలు. బ్యాంకువాళ్ళ లెక్కన దీనికి నాలుగు నిమిషాలు. మావాడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, నిమిషం యాభై సెకన్లలో కాగితం తిరిగి ఇచ్చాడు. కుల్లంకి ఎందుకు తడిబిక్కయింది? ఎండ పెరగడం వల్ల. ఎన్ని పిటకలు లొంచబడ్డాయి? మూడు. జింబడాలు గరసానికి ఎందుకు పోయాయి? కుల్లంకి తడిబిక్కయినందున. పిటకల విషయంలో పెద్దల వైఖరి? వ్యతిరేకం. "జింబడాలన్నీ ఎప్పుడూ పిటకలే లొంచుతాయి" అన్న వాక్యం సరైనదేనా? కాదు, "అన్నీ", "ఎప్పుడూ" ఉన్నాయి. రచయిత టోన్? ఎనలిటికల్.

ఆరుకి ఆరు. కాగితం మీద ఎర్ర పెన్నుతో మార్కులు వేసి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, "పిల్లవాడు బాగా రాశాడే, అట్లా ముఖం పెట్టుకున్నారేం?" అంది.

నిజానికి మావాణ్ణీ అనలేను, మేడ మీది సార్‌నీ అనలేను. ఈ విద్యకు బడిలోనే అక్షరాభ్యాసం చేస్తాం. ప్రశ్నలో ఎద్దు ఉంటే ప్యాసేజ్‌లో ఎద్దు ఎక్కడుందో చూడు, అక్కడ ఫుల్‌స్టాప్ నుంచి ఫుల్‌స్టాప్ దాకా దించేయ్. పదో తరగతిలో నేను గట్టెక్కింది అట్లాగే. ఎద్దును రైతు ఎందుకు అమ్మాడో నాకు ఇప్పటికీ తెలియదు, మార్కులు మాత్రం వచ్చాయి. ఇంకా వెనక్కి పోతే, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన 1915 ప్రాంతంలో సైలెంట్ రీడింగ్ టెస్ట్ అని ఒకటి తయారుచేశాడు. పిల్లలు మనసులో చదువుకుని జవాబుకి గుర్తు పెడితే దిద్దటం సులువు, దిద్దేవాడి ఇష్టాన్ని బట్టి మార్కులు మారవు. ఆయన ఉద్దేశం మంచిదే. వందేళ్ళు తిరిగేసరికి అందులో రీడింగ్ ఎగిరిపోయి సైలెంట్ మిగిలింది.

విదేశాలకు పోయేవాళ్ళ ఇంగ్లీషు పరీక్ష ఇంకొకటుంది, ఐఈఎల్‌టీఎస్. మా వీధి చివరింటి అమ్మాయి దాని కోసం మూడు ప్యాసేజ్‌లు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు అని రోజూ గడియారం పెట్టుకుని కూర్చుంటుంది. ఆ స్కోరు మామూలుగా రెండేళ్ళే చెల్లుతుందట. మా ఇంట్లో ఆవకాయ ఏడాది ఉంటుంది, కాబట్టి ఇంగ్లీషే నయం.

ఆ డెమో క్లాసులో జరిగింది ఒకటి చెప్పకుండా దాటేశాను. సరదాగా రాసుకుంటూ పోతే అది రాయక్కర్లేదనుకున్నాను. కానీ ప్రతి పేరా దగ్గరా అదే గుర్తొస్తోంది.

సార్ ఆ రోజు నమూనాగా ఇచ్చిన ప్యాసేజ్ భూగర్భజలాల మీద. టైం అయిపోయింది అనగానే, "ఎవరైనా ప్యాసేజ్ మొత్తం చదివారా? నిజం చెప్పండి" అన్నాడు. మూడో వరసలో ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. నిలబడమన్నాడు. నిలబడింది. ఎనిమిది ప్రశ్నల్లో మూడే పెట్టింది. సార్ ఆ మాట మైకులో చెప్పాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఆ పిల్ల కూర్చోలేదు. "సార్, ఇందులో బోర్లు ఎక్కువ వేసే రైతులదే తప్పని రాసినారు. మా నాయన నాలుగు బోర్లు వేయించినాడు. వెయ్యి అడుగులు పోయినా నీళ్ళు పడలేదు. వేయించకపోతే చెట్లు ఎండిపోతాయి, వేయిస్తే అప్పు. ఆ సంగతి ఈయన రాయలేదు సార్" అంది.

సార్ గడియారం చూసుకుని, "అమ్మా, 'ప్యాసేజ్ ప్రకారం' అని ఉంది చూడు. మీ నాయన ప్యాసేజ్‌లో లేడు. ఆప్షన్ బి. కూర్చో" అన్నాడు.

మళ్ళీ నవ్వారు. మా మేనల్లుడూ నవ్వాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నోట్లోంచి మాట రాక నేనూ ఊరికే కూర్చున్నాను.

ఆ గదిలో ఉన్న అరవై మందిలో ప్యాసేజ్ అర్థమైంది ఆ ఒక్క పిల్లకే. రాసినవాడు ఏం చెప్పాడో చూసింది, ఏం చెప్పకుండా వదిలేశాడో అదీ చూసింది, తన ఇంటి ముందర ఎండిన బోరు పక్కన పెట్టి తూకం వేసింది. కాంప్రహెన్షన్ అంటే అది కాకపోతే ఇంకేమిటయ్యా? మార్కుల లెక్కన ఆ గదిలో అందరికంటే వెనకబడింది ఆమె. జింబడాలూ కుల్లంకులూ అయినా గుర్తులు పెట్టి పారేసే మావాడు ముందున్నాడు. రేపు వాడికే ఉద్యోగం వస్తుంది. ఏదో పల్లెటూరి బ్రాంచిలో కుర్చీలో కూర్చుంటాడు. ఆ పిల్ల వాళ్ళ నాయన అప్పు వాయిదా వేయమని, కారణాలన్నీ వివరంగా ఎవరిచేతనో రాయించుకుని అర్జీ పట్టుకుని వస్తాడు. మనవాడు దాన్ని ఎట్లా చదువుతాడో వేరే చెప్పాలా? తేదీ, ఖాతా నంబరు, సంతకం. జరగండి, జరగండి. ఆయన రాయించుకొచ్చిన బతుకంతా ఆ మధ్య పేరాల్లో ఉంటుంది. మధ్య పేరాలు చూడద్దని వాడికి మనమే డబ్బు కట్టి నేర్పించాం. 40 సెకన్లకి ఒక ప్రశ్న అని గీత గీసినవాళ్ళకి తెలియదా, మనిషి రాసింది మనిషి 40 సెకన్లలో చదవలేడని? తెలుసు. లక్షల మందిని వడపోయాలి, జల్లెడ కావాలి, అంతే. జల్లెడే అయితే ఊరికే జల్లెడ అనండి, ఒప్పుకుంటాం. పరుగుపందెం పెట్టుకోండి, గోనెసంచి మోయించండి, ముందొచ్చినవాడికి ఉద్యోగం ఇవ్వండి. దానికి కాంప్రహెన్షన్ అని పేరు పెట్టి, చదివిన పిల్లని నిలబెట్టి నవ్వటం దేనికి?

ఆ అమ్మాయి మరుసటి రోజు నుంచి రాలేదట. మావాణ్ణి అడిగితే, "డెమోకి వచ్చినోళ్ళు అందరూ చేరరు కదా మామా" అన్నాడు. అయి ఉండొచ్చు.

నేను ప్యాసేజ్ రాసిచ్చిన రోజు రాత్రి పదకొండు దాటాక, దీపం తీసేసి పడుకోబోతుంటే మావాడు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రేపు మాక్ టెస్ట్ ఉంది, పడుకోరా అన్నాను. పోడు. తల గోక్కుంటున్నాడు.

"మామా, ఇంతకీ కుల్లంకి అంటే ఏంది?"

"ఆరుకి ఆరు వచ్చాయి కదరా. నీకెందుకు?"

"ఊరికే. తడిబిక్కయితే దానికి నొప్పి పుడుతుందా అని."

దీపం మళ్ళీ వేశాను.