ప్రకృతి అభ్యంతరాలు స్వీకరించబడవు

రసాయనశాస్త్రం రెండు రకాలు. ఒకటి ప్రయోగశాలలో జరిగేది, రెండోది పోటీ పరీక్షల ఆన్సర్ కీలో ఉండేది. మొదటిది చదివితే డిగ్రీ వస్తుంది, రెండోది చదివితే ఉద్యోగం వస్తుంది. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్‌కో, రైల్వేకో సిద్ధమయ్యే అభ్యర్థి ఈ రెండింటినీ ఒకే పాత్రలో కలపకుండా జాగ్రత్తపడాలి.

ద్రవ లోహం సంగతే చూడండి. గది ఉష్ణోగ్రత వద్ద ద్రవస్థితిలో ఉండే లోహం? పాదరసం. అలోహం? బ్రోమిన్. నిద్రలో లేపి అడిగినా చెప్పాల్సిన బిట్లు. చిక్కల్లా ఆ గదితోనే. సీజియం 28.5 డిగ్రీలకే కరుగుతుంది, గాలియం 29.8 డిగ్రీలకు. మే నెలలో రామగుండంలో రేకుల కప్పు కింద ఫ్యాను వేసుకుని చదివే అభ్యర్థి బల్ల మీద గాలియం ముక్క పెడితే, పొద్దెక్కేసరికి అది చుక్కై జారుతుంది. సీజియంతో మాత్రం ఈ సరదా వద్దు, గాలి తగిలితేనే అంటుకుంటుంది. కాబట్టి ప్రశ్నలోని గది అంటే 25 డిగ్రీల గది. అంటే ఏసీ ఉన్న గది. అంటే ఉద్యోగం వచ్చాక కూర్చోబోయే గది.

ఆమ్లాల పట్టికకు వద్దాం. చింతపండులో టార్టారిక్, పుల్లటి పెరుగులో లాక్టిక్, చీమ కాటులో ఫార్మిక్, ఆపిల్‌లో మాలిక్. ఇంతవరకు ప్రకృతి సిలబస్‌కు లోబడే నడిచింది. టమాటా దగ్గర తిరగబడింది. పదో తరగతి పట్టిక టమాటాకు ఆక్జాలిక్ ఆమ్లాన్ని కేటాయించింది. టమాటాలో ఎక్కువగా ఉండేది సిట్రిక్, దాని తర్వాత మాలిక్. ఆక్జాలిక్ ఉంటుంది గానీ చాలా కొద్దిగా. అది దండిగా ఉన్నది పాలకూరలో. అయితే ఏమిటి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని కీ అంటే మూడే. ప్రిలిమినరీ కీ మీద అభ్యంతరం చెప్పాలంటే పుస్తకం పేరు, పేజీ నంబరు జతచేయాలి. టమాటా జతచేస్తే చెల్లదు.

కానిస్టేబుల్ అభ్యర్థికి బాష్పవాయువు ప్రత్యేకం. బిట్ బ్యాంకులు దశాబ్దాలుగా చెబుతున్న జవాబు క్లోరోపిక్రిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడారు, నిజమే. ఈనాడు పోలీసులు ఎక్కువగా వాడేది సీఎస్. దాన్ని తయారుచేసిన కోర్సన్, స్టౌటన్‌ల పేర్లలోని మొదటి అక్షరాలే ఆ సీఎస్. పైగా అది వాయువు కూడా కాదు, పొగలా చిమ్మే సన్నటి పొడి. క్లోరోపిక్రిన్ అని రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాడు బందోబస్తులో సీఎస్ షెల్ పేలుస్తాడు. కళ్లలో నీళ్లు మాత్రం రెండింటికీ ఒకేలా వస్తాయి గనుక కీకి వచ్చిన నష్టమేమీ లేదు.

జడవాయువులు ఎవరితోనూ చర్య జరపవన్నది మరో శిలాశాసనం. 1962లో నీల్ బార్ట్‌లెట్ జినాన్‌తో సమ్మేళనం చేసి చూపించాడు. ఆ సమాచారం కొన్ని బిట్ బ్యాంకులకు ఇంకా చేరలేదు. పోస్టు ఆలస్యమై ఉంటుంది.

ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. జర్మన్ సిల్వర్‌లో వెండి సున్నా. వీటి గురించి గొడవేమీ లేదు, ముందుకు పోదాం.

ఇప్పుడు ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కోచింగ్ సెంటర్లో దీని జీవితకాలం పదిహేను సెకన్లు: "కాల్షియం సల్ఫేట్ హెమీహైడ్రేట్, రాసుకోండి, నెక్స్ట్." ఎందుకు హెమీ, అంటే అర, అని ఎవరైనా చెయ్యెత్తితే వెనక బెంచీ వాళ్లు టైమ్ వేస్టని గొణుగుతారు. వాళ్లదీ తప్పు కాదు, నోటిఫికేషన్ వచ్చి ఉంటుంది. అయినా ఆ గొణుగుడు వినబడనట్టు నటించి చెప్పుకుందాం. జిప్సంలో ఒక్కో కాల్షియం సల్ఫేట్‌కు రెండు నీటి అణువులు ఉంటాయి. సుమారు 100 డిగ్రీల దగ్గర, పుస్తకం భాషలో 373 కెల్విన్ దగ్గర, వేడిచేస్తే ఒకటిన్నర పోయి అర మిగులుతుంది. అణువును సగానికి కోయడం ఎవరివల్లా కాదు; రెండు కాల్షియం సల్ఫేట్‌లు ఒక నీటి అణువును పంచుకుంటాయన్నమాట. ఈ పొడికి నీళ్లు కలిపితే పోయిన ఒకటిన్నర తిరిగి పుచ్చుకుని మళ్లీ జిప్సం అవుతుంది, సూదుల్లాంటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గట్టిపడుతుంది. ఆ క్రమంలో వేడి పుడుతుంది, ముద్ద కాస్త వ్యాకోచిస్తుంది. అందుకే అచ్చు మూలమూలకీ పడుతుంది.

లెక్క ప్రకారం 100 గ్రాముల పొడికి 18.6 గ్రాముల నీళ్లు చాలు. కానీ అంతే పోస్తే అది ముద్ద కూడా కాదు. పోయడానికి వీలుగా ఉండాలంటే 50 నుంచి 70 గ్రాములు కావాలి. ఎక్కువైన నీరు తర్వాత ఆవిరైపోయి సన్నటి రంధ్రాలు మిగుల్చుతుంది, ఆ మేరకు బలం తగ్గుతుంది. జిప్సంను అతిగా వేడిచేస్తే ఆ అర అణువు కూడా పోయి, నీళ్లు పోసినా సరిగా గట్టిపడని పొడి తయారవుతుంది. సంచి మూతి కట్టకుండా వానాకాలంలో వదిలేస్తే గాలిలోని తేమే పని కానిచ్చేస్తుంది. ఫాల్స్ సీలింగ్ మేస్త్రీకి ఇదంతా తెలుసు, హెమీహైడ్రేట్ అన్న మాట తెలియదు. అభ్యర్థికి ఆ ఒక్క మాట తెలుసు. మార్కు ఎవరికి పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. హుస్సేన్ సాగర్‌లో పీఓపీ విగ్రహాలు ఎందుకు కరగవన్న కరెంట్ అఫైర్స్ బిట్టుకు జవాబూ ఇక్కడే ఉంది: గట్టిపడ్డాక అది జిప్సమే, లీటరు నీటిలో కరిగేది రెండు గ్రాములకు కాస్త పైన. ఇది మాత్రం కెమిస్ట్రీ గైడులో దొరకదు, పర్యావరణం గైడు విడిగా కొనాలి.

నల్గొండకు ఈ సిలబస్‌లో ఒక గౌరవం దక్కింది. "తాగునీటిలో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతి?" నల్గొండ టెక్నిక్. రూపొందించింది నాగపూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ. రెండు బిట్లు, రెండు మార్కులు. పద్ధతి ఏమిటన్నది మూడో బిట్ కాలేదు గనుక తెలియనవసరం లేదు. తెలిస్తే ప్రమాదమూ లేదు గానీ. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేస్తారు. పటిక నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. ఇంటి మట్టానికైతే బకెట్లో కలిపి, మొదట వేగంగా, తర్వాత మెల్లగా తిప్పి, గంటసేపు కదపకుండా వదిలి, పైనీళ్లు తీసుకోవాలి. బకెట్‌కు బిగించిన కుళాయి అడుగుకు కొన్ని సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే అడుక్కి దిగిన ఫ్లోరైడంతా గ్లాసులోకే వస్తుంది. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. అది ఎందుకంటే పటిక నీటిని ఆమ్లం వైపు లాగుతుంది. సరిపడా క్షారత లేకపోతే తెట్టె సరిగా కట్టదు, ఫ్లోరైడ్ అలాగే ఉండిపోగా కొత్తగా అల్యూమినియం కూడా మిగులుతుంది. అడుగున మిగిలిన బురదను చేదబావి పక్కన పారబోస్తే మొదటికొస్తుంది. మన ప్రమాణాల్లో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీటి వనరు లేకపోతే ఒకటిన్నర దాకా సరే. ఈ ఒకటి, ఒకటిన్నర బిట్టుగా పనికొస్తాయి, అండర్‌లైన్ చేసుకోండి.

"విష వాయువులు" అన్న శీర్షిక కింద ఎప్పుడూ ఒక జంట కనిపిస్తుంది: భోపాల్ – మిథైల్ ఐసోసయనేట్, 1984, విశాఖ – స్టైరీన్, 2020. రెండూ మామూలుగా ద్రవాలు. మొదటిది 39 డిగ్రీలకు, రెండోది 145 డిగ్రీలకు మరుగుతాయి. ట్యాంకులో కూర్చున్న ద్రవం ఊరి మీదికి ఆవిరై ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న, ఆ ప్రశ్న ఆ పేజీలో లేదు. భోపాల్‌లో ట్యాంకులోకి నీరు చేరింది, చర్యలో వేడి పుట్టింది, చల్లబరచాల్సిన యంత్రం ఆపేసి ఉంది. స్టైరీన్ అయితే తనంతట తానే అణువుకు అణువు చేర్చి గొలుసులు కట్టుకుంటుంది, కట్టుకుంటూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా వేగంగా కట్టుకుంటుంది. దాన్ని ఆపడానికి చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకం మిలియన్‌లో పది పదిహేను వంతులు కలపాలి. టీబీసీ రోజులు గడిచేకొద్దీ తరిగిపోతుంది, పైగా నీటిలో చేప మాదిరిగా దానికీ కరిగిన ఆక్సిజన్ ఉండాలి, లేకపోతే పనిచేయదు. కాబట్టి నిల్వ ఉన్నన్నాళ్లూ కొలుస్తూనే ఉండాలి. ఇవేవీ తెలియకుండా పరిశ్రమల తనిఖీకి వెళ్లే ఉద్యోగానికి కూడా అర్హత సాధించవచ్చు. సంవత్సరం, ఊరు, పేరు జతపరిస్తే చాలు.

ఈ మధ్య ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు ఏమైందో గానీ, ప్రకటన–కారణం అనే కొత్త తరహా మొదలుపెట్టారు. ప్రకటన: సోడియంలాగా లిథియాన్ని ఊరికే కిరోసిన్‌లో వేసి ఉంచరు. కారణం: లిథియం సాంద్రత కిరోసిన్ కన్నా తక్కువ. లిథియం సాంద్రత 0.53, కిరోసిన్‌ది 0.8 దగ్గర. వేస్తే పైకి తేలి గాలికి దొరికిపోతుంది, అందుకే పారాఫిన్ మైనంలో చుట్టి ఉంచుతారు. రెండూ నిజం, వివరణా సరైనదే, ఒకటో ఆప్షన్. గైడ్లు వెంటనే మేల్కొన్నాయి. ఇప్పుడు కారణాలు కూడా బట్టీ పట్టడానికి వీలుగా జవాబు అంకెతో సహా అచ్చవుతున్నాయి. తెలియకపోతే ఒకటి పెట్టేయండి, ఎక్కువసార్లు అదే వస్తుందని సలహా కూడా ఉచితం. ఈ సలహా పాటించేవాళ్ల కోసమే కాబోలు, తర్వాతి ప్రశ్న ఇలా ఉంటుంది. ప్రకటన: బంగారం గాలిలో మసకబారదు. కారణం: బంగారం పరమాణు సంఖ్య 79. రెండూ అక్షరాలా నిజం. హాల్లో సగం మంది ఒకటో ఆప్షన్‌కు నల్లరంగు పూస్తారు, మెరుపుకీ 79కీ ఏం సంబంధమని అడగరు. అడగడానికి తీరికేది, తర్వాతి ప్రశ్న పాదరసం మీద ఉంది, మిగిలింది నలభై సెకన్లు.