కర్నూలు రేవులో లంగరు

కర్నూలువాడు ఓడ ఉద్యోగం చేశాడంటే ఎవరూ సులభంగా నమ్మరు. తుంగభద్రలో మోకాలి లోతు నీళ్ళు చూసి పెరిగినవాడికి సముద్రంతో ఏం పని అని అడుగుతారు. అలా అడిగినవాళ్ళకు నేను కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, చూపిస్తాను. 1860లలో దాన్ని తవ్వించిన కంపెనీ పొలాలకు నీళ్ళివ్వడంతోపాటు కడప దాకా పడవలు నడపాలని కూడా అనుకుంది. ఆ పడవల వ్యాపారం సాగలేదు, చివరికి 1882లో కాలువ సర్కారు చేతికి వచ్చింది. 1953లో కర్నూలు ఏకంగా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది కానీ రేవుపట్నం మాత్రం కాలేకపోయింది. ఆ లోటు తీర్చడానికే నేను పుట్టానని నా అభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం వేరు.

ఆమెకు కారణం లేకపోలేదు. 2009 అక్టోబరులో వరద ఊరంతా ముంచినప్పుడు, మా వీధివాళ్ళు మేడలెక్కి కూర్చుని, 'మనలో నీళ్ళ సంగతి తెలిసినవాడు ఒక్కడే, వాడేడీ?' అని అడిగారట. నేను ఆ సమయంలో పసిఫిక్ మహాసముద్రం నడిబొడ్డున, ఒక్క చుక్క తడవకుండా, ఓడకు రంగు వేయిస్తున్నాను. ఆ మాట ఇప్పటికీ నెలకోసారి వింటుంటాను.

నేను చేసింది సరంగు పని. ఇంజిన్ మాకు సంబంధం లేదు. డెక్కు, లంగరు, తాళ్ళు, రంగు డబ్బాలు, వాటి వెంట తిరిగే మనుషులు నా కింద ఉండేవి. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పని చేసి రిటైరై వచ్చాక తెలిసింది, నాకు నిశ్శబ్దంలో నిద్ర పట్టదని. ఓడ నడుస్తున్నంతకాలం మంచం, గోడ, దంతాలు ఒకే తాళంలో వణుకుతుంటాయి. ఆ వణుకులో పసిబిడ్డలా పడుకుంటాం. వణుకు ఆగిందంటే గుండె గతుక్కుమని లేచి కూర్చుంటాం. ఎందుకంటే ఇంజిన్ ఆగడానికి రెండే కారణాలు: ఇంజిన్ చెడడమో, రేవు రావడమో.

కర్నూలు ఎండాకాలంలో ఆ ఇంజిన్ పని మా ఎయిర్ కూలర్ చేస్తుంది. పాతది. గడగడమంటుంది, కిటికీ చట్రాన్ని ఊపుతుంది, నా మీద నీళ్ళు కూడా చల్లుతుంది. ఇంతకంటే ఓడకు దగ్గరైన వస్తువు జిల్లాలో లేదు. కరెంటు పోయి అది ఆగినప్పుడల్లా నేను కళ్ళు మూసుకునే, 'ఏ రేవు?' అంటానట. 'కర్నూలే, పడుకోండి' అని మా ఆవిడ జవాబు.

ఈ మే నెలలో మా పక్కింటి అమ్మాయి పెళ్ళి వచ్చింది. సరిగ్గా అప్పుడే నాతో పదకొండేళ్ళు డెక్కు మీద పనిచేసిన కాకినాడ తమ్ముడు మమ్మల్ని చూడటానికి వచ్చాడు. సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చుని, వీధిలో షామియానా వేస్తున్న కుర్రాళ్ళను చూశాం. ఆ ముడులు చూసి తమ్ముడి కళ్ళు తిరిగాయి. చెప్పుల దారానికి వేసే ముడి! కడుపు మండి నేనే లేచాను. ఎనిమిది తాళ్ళూ విప్పించి, వేపచెట్టుకు రెండు, మా గేటు స్తంభానికి రెండు, మిగతావి గూటాలకు, అన్నీ మా పద్ధతిలో కట్టాం. ఎంత గాలికైనా బిగుస్తుందే తప్ప వదలదు. కానీ తోక పట్టి ఒక్క లాగు లాగితే ఊడి చేతికొస్తుంది. 'రేపు విప్పేటప్పుడు మీకు సులువు' అని కుర్రాళ్ళకు పాఠం కూడా చెప్పాను. ఆ పాఠం విన్న సాక్షులు తర్వాత నాకు చాలా నష్టం చేశారు.

రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది. కూలర్ ఆగింది. ఇద్దరం ఒకేసారి లేచి కూర్చున్నాం. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుని, చాపలు తీసుకుని మేడమీదికి వెళ్ళాం. వీధిలోని కూలర్లన్నీ ఆగిపోయాక ఊరు నిజంగానే రేవులా ఉంది. దూరంగా కొండారెడ్డి బురుజు చీకట్లో లైట్‌హౌస్‌లా నిలబడింది. వెలగడంలేదు, అంతే తేడా.

ఇక మాటలు రేవుల మీదికి మళ్ళాయి. పెద్ద రేవుల గురించి ఓడవాడు మాట్లాడడు. అక్కడ క్రేన్లూ లారీలూ తప్ప మేం చూసిందేముంది? మనసులో మిగిలేవి చిన్న రేవులే. నాకు పిక్టన్ ఇష్టం. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి పైకొసన ఉంటుంది. పచ్చటి కొండల మధ్య, సముద్రం దారి తప్పి లోపలికి వచ్చినట్టుండే పాయలో ఓడ మెల్లగా వెళుతుంది. దుంగలు ఎక్కించుకోవడానికి వెళ్ళాం. ఇంజిన్ ఆగాక మొదట వినిపించింది ఒడ్డున ఏదో పక్షి కూత. నలభైమంది వంట చేసే గిన్నెల మోత అలవాటైన చెవులకు ఆ ఒక్క కూత ఎంత పెద్దదిగా వినిపించిందో చెప్పలేను.

తమ్ముడికి నార్విక్ ఇష్టం. నార్వేలో, ఆర్కిటిక్ వలయానికి పైన ఉంటుంది. అయినా సముద్రంలో వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల చలికాలంలో కూడా రేవు గడ్డకట్టదు. స్వీడన్ గనుల ఇనుప ఖనిజం రైళ్ళలో వచ్చి అక్కడ ఓడలెక్కుతుంది. జూన్‌లో సూర్యుడు అస్తమించడు కాబట్టి తమ్ముడు మూడు రోజులు నిద్రపోకుండా 'ఇంకా సాయంత్రమే కదా' అనుకుంటూ తిరిగాడట. ఆ కథ నాకు నలభైసార్లు తెలుసు. అయినా ఆ ఉక్కపోతలో మంచుకొండల పేరు వింటుంటే ఒంటికి హాయిగా ఉంది, మళ్ళీ చెప్పమన్నాను.

కానీ ఇద్దరం చివరికి చేరేది కాకినాడకే. గోదావరి మేటవేసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని అలల్ని ఆపుతుంది. దాని చాటున లంగరు వేస్తే ఓడ చెరువులో గేదెలా కదలకుండా ఉంటుంది. బియ్యం బస్తాలు బార్జీల మీద వచ్చేవి. చినుకు పడితే బియ్యం తడవకుండా హేచీలు, అంటే సరుకు గదుల మూతలు, మూసేయాలి, పని ఆగిపోతుంది. అందుకని తమ్ముడు రోజూ వరుణదేవుడికి దండం పెట్టేవాడు. ఇంటి దీపాలు కనబడుతున్నాయి, ఒడ్డుకు వెళ్ళే సెలవు మాత్రం దొరకలేదు. 'ఆ వాసనకైనా ఇంకో రెండు రోజులుంటే చాలనిపించేది అన్నగారూ' అన్నాడు. నేనేదో అనబోయాను. గురక వినిపించింది. అది నాదే అని తమ్ముడు తర్వాత చెప్పాడు.

మూడు గంటలకు పెళ్ళివారి జనరేటర్ కుర్రాడు నిద్రలేచాడు. మా గేటు పక్కన నిలబెట్టిన ఆ యంత్రం రెండుసార్లు దగ్గి, దడదడమని అందుకుంది. మేడ వణికింది, చాప వణికింది, నా దంతాలు వణికాయి.

ఓడ బయలుదేరుతోంది!

నిద్రలో ఉన్నవాడికి బుద్ధి పనిచేయకపోవచ్చు, డ్యూటీ మాత్రం పనిచేస్తుంది. 'తమ్ముడూ, నువ్వు వెనక్కి!' అని అరిచి నేను ముందుకు, అంటే వేపచెట్టు వైపు, పరుగెత్తాను. మెట్లు ఎప్పుడు దిగామో ఇద్దరికీ గుర్తులేదు. పద్ధతి ప్రకారమే చేశాం. బయలుదేరేముందు ముందొకటి, వెనకొకటి ఉంచి మిగతా తాళ్ళన్నీ తీసేయాలి. దాన్ని మావాళ్ళు సింగిల్ అప్ అంటారు. ఆరు తాళ్ళు ఆరు లాగుళ్ళకు వచ్చేశాయి. ముడి అంటే అలా ఉండాలి. షామియానా బరువంతా రెండు తాళ్ళ మీద పడి ఒకవైపు ఒరిగింది. నాకది ఓడ ఒడ్డునుంచి కదిలినట్టే తోచింది. 'చివరిది కూడా వదులు!' అన్నాను.

వదిలాడు.

కింద జంపఖానాల మీద మగపెళ్ళివారు పడుకుని ఉన్నారు. పొయ్యిలు పెరట్లో ఉండటం ఆ అమ్మాయి అదృష్టం, నా అదృష్టం కూడా. గుడ్డ మెల్లగా, గాలి నింపుకుని, తెరచాప దించినంత అందంగా దిగింది. తర్వాత దాని కింద ముప్పై చోట్ల ఉబ్బెత్తులు లేచాయి, కేకలేశాయి, ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. ఒక ఉబ్బెత్తు నా కాళ్ళ దగ్గరికి పాకి వచ్చి, అంచు ఎత్తి, పెళ్ళికొడుకు పెదనాన్నగా బయటపడింది.

మా ఆవిడ అరుగు మీద లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. 'ఏమండీ, వచ్చింది ఏ రేవు?' అని అడిగింది.

పెళ్ళికూతురి తండ్రి మంచివాడు. 'అన్నా, ముహూర్తం ఎనిమిదింటికి' అని మాత్రం అన్నాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. షామియానా కుర్రాళ్ళ ఫోను పలకలేదు. తెల్లవారేలోగా మేమే మళ్ళీ ఎత్తి నిలబెడతామన్నాం. కానీ మా ముడులు వేయడానికి మగపెళ్ళివారు ఒప్పుకోలేదు. చెరో మూలా తాడు చేత్తో పట్టుకుని నిలబడమన్నారు. నిలబడ్డాం.

ఏడింటికి ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. పెళ్ళికొడుకు పెదనాన్న పళ్ళెం పట్టుకుని నా ముందుకు వచ్చి, నన్ను కింది నుంచి పైకి చూశాడు.

'ఎన్నేళ్ళు చేశారండీ ఓడల మీద?'

'ఇరవై ఎనిమిది.'

'ఎన్ని ఓడలు?'

'పంతొమ్మిది.'

'వాటిలో ఇప్పుడు తేలుతున్నవి ఏమైనా ఉన్నాయా?'

జవాబు చెప్పబోయాను. రెండు చేతులా తాడు ఉంది కదా అని జాలిపడి, ఆయనే ఒక మిరపకాయ బజ్జీ తీసి నా నోట్లో పెట్టేశాడు.