ఇంజనీరింగ్‌కో చెక్కు, అడవికో చెక్కు

మాక్రోపిన్నా మైక్రోస్టోమా అనే చేప గురించి శాస్త్రవేత్తలు మొదటిసారి రాసింది 1939లో. సముద్రంలో 600 నుంచి 800 మీటర్ల లోతున, వెలుగు అందీ అందని చోట అది బతుకుతుంది. గొట్టాల్లాంటి దాని కళ్లు పైకి తిరిగి ఉంటాయి. నోరేమో ముందుకు ఉంటుంది. మరి తినేదాన్ని ఎలా చూస్తుంది? ఈ చిక్కుముడి దాదాపు 70 ఏళ్లు అలాగే ఉండిపోయింది. వలలో పడి పైకి వచ్చిన ప్రతి చేపకీ తల పైభాగం చిరిగిపోయి ఉండేది.

కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2008లో ఆ ముడి విప్పారు. కేబుల్‌తో కట్టి లోతుల్లోకి దింపిన రోబో కెమెరాకి ఆ చేప ప్రాణంతో, ఒంటిమీద గీత పడకుండా కనిపించింది. దాని తలమీద అద్దంలా పారదర్శకమైన కవచం ఉంది. లోపల ఆకుపచ్చ కళ్లు రెండూ పైకీ ముందుకీ తిరుగుతున్నాయి. ఇన్నేళ్లూ వల చించేసింది ఆ కవచాన్నే.

ఆ రోబో వెనక ఒక కుటుంబం డబ్బుంది. చేప గురించి రాసిన అదే 1939లో డేవిడ్ ప్యాకార్డ్, బిల్ హ్యూలెట్ కలిసి పాలో ఆల్టోలో ఒక గ్యారేజీలో హ్యూలెట్-ప్యాకార్డ్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ మొదలుపెట్టారు. ప్యాకార్డ్ దంపతులు 1964లో దానధర్మాల కోసం ఫౌండేషన్ పెట్టారు. సముద్ర జీవశాస్త్రం చదివిన కూతురు నాన్సీ, ఆమె స్నేహితుల ఆలోచనకు సుమారు 5.5 కోట్ల డాలర్లు ఇస్తే 1984లో మాంటెరీ బే అక్వేరియం తెరుచుకుంది. ఇంకో కూతురు జూలీ మొదటి రోజు నుంచీ దాని బాధ్యత తీసుకుని దశాబ్దాల పాటు నడిపించారు. ప్యాకార్డ్ అంతటితో ఊరుకోలేదు. 1987లో, 75వ ఏట, పరిశోధన సంస్థని విడిగా పెట్టారు. అక్కడ ఇంజనీర్లు శాస్త్రవేత్తలకి సాయం చేసే సిబ్బందిగా కాకుండా సమాన హోదాలో పనిచేయాలన్నది ఆయన పట్టుదల. పరికరాలు కిందికి వెళ్లాలి, సమాచారం పైకి రావాలి అన్నది పద్ధతి. నా దృష్టిలో ఆయన ఇచ్చిన డబ్బు కన్నా ఈ ఏర్పాటే పెద్ద దానం.

ఎందుకంటే మామూలుగా జరిగేది ఇలా ఉండదు. కంప్యూటర్ చిప్పుల కంపెనీ ఇంటెల్ సహవ్యవస్థాపకుడు గోర్డన్ మూర్ కుటుంబాన్ని చూడండి. 2001లో ఆ దంపతులు, వాళ్ల ఫౌండేషన్ కలిసి కాలిఫోర్నియాలోని సైన్సు, ఇంజనీరింగ్ యూనివర్సిటీ కాల్‌టెక్‌కి 60 కోట్ల డాలర్లు ప్రకటించారు. మూర్ 1954లో డాక్టరేట్ తీసుకున్నది అక్కడే. 2001లోనే ప్రకృతి పరిరక్షణ సంస్థ కన్సర్వేషన్ ఇంటర్నేషనల్‌కి 26.1 కోట్ల డాలర్లు మాటిచ్చారు. ఆ తర్వాత అమెజాన్ అడవుల కోసం వాళ్ల ఫౌండేషన్ ఏళ్ల తరబడి పనిచేసింది. ఇదంతా గొప్ప సేవ, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ చెక్కులు మాత్రం రెండు. ఒకటి ప్రయోగశాలకి, ఒకటి అడవికి. చాలా కుటుంబాల దానం ఇలాగే రెండు జేబుల్లోంచి వస్తుంది. ఇంజనీరింగ్‌కి ఇచ్చేది చదువుకున్న చోటు మీద కృతజ్ఞతతో, అడవికి ఇచ్చేది చిన్నప్పుడు తిరిగిన కొండల మీద ప్రేమతో. ఆ రెండు జేబులూ కలిసే చోటే నిజంగా పని జరుగుతుందని నా నమ్మకం.

అలా కలవడానికి తగిన చోటు ఒకటి చెప్తాను. అమెరికాలోని ఐడాహో యూనివర్సిటీకి టేలర్ వైల్డర్‌నెస్ రీసెర్చ్ స్టేషన్ అని ఒకటుంది. చుట్టూ 20 లక్షల ఎకరాలకు పైగా రక్షిత అడవి. రోడ్డెక్కాలంటే 30 మైళ్లకు పైగా నడవాలి, లేదంటే చిన్న విమానం. 1964లో వన్యప్రాణి శాస్త్రవేత్త మారిస్ హార్నాకర్ ఆ ప్రాంతంలోనే కౌగర్లని, అంటే అమెరికా కొండసింహాలని, గుర్తులు వేసి వెంబడించడం మొదలుపెట్టారు. వాటిని చంపితే బహుమానం ఇచ్చిన రోజులు అప్పటికింకా మరుగున పడలేదు. చలికాలాల్లో మంచులో కుక్కలతో తరిమి, చెట్టెక్కించి, మత్తు ఇచ్చి, గుర్తు వేసి వదిలేసేవారు. కొన్ని చలికాలాలు అలా గడిచాక తేలింది ఏమిటంటే, కౌగర్లు ఎల్క్‌లనీ (పెద్ద జాతి జింకలు) మామూలు జింకలనీ తుడిచిపెట్టడం లేదు. ఒకదాని హద్దులోకి ఇంకొకటి రాకుండా తమ సంఖ్యని తామే అదుపులో ఉంచుకుంటున్నాయి.

అది మనుషుల కాళ్ల మీద జరిగిన పని. ఇవాళ జంతువు మెడకి కట్టే జీపీఎస్ కాలర్లు, ఆటోమేటిక్ కెమెరాలు, శబ్దాలు రికార్డు చేసే యంత్రాలు వచ్చాయి. అయితే 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం ఇలాంటి అడవుల్లో మోటారు వాహనాలకీ యంత్రాలకీ చాలావరకు అనుమతి లేదు. పరికరం తేలిగ్గా ఉండాలి, మంచులో నెలల తరబడి బ్యాటరీ నిలవాలి, జంతువుకి ఇబ్బంది కలగకూడదు. ఇంజనీరింగ్ విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది? ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన సెన్సర్ మైనస్ డిగ్రీల చలిలో మూడో రోజుకే ఆగిపోతే, దాన్ని విప్పి చూసినప్పుడు నేర్చుకునేది ఏ పాఠంలోనూ దొరకదు.

దీనికి కావాల్సిన డబ్బు తీరు వేరు. ప్రభుత్వ గ్రాంట్లు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లకి వస్తాయి. కౌగర్ ఒక తరం మారడం చూడాలంటేనే అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. ఇక్కడే కుటుంబ ఫౌండేషన్‌కి ఒక బలం ఉంది. అది ఎన్నికలకి భయపడక్కర్లేదు, మూడు నెలలకోసారి లాభం చూపించక్కర్లేదు. ఇరవై ఏళ్లు ఆగగలదు. ఆ బలాన్ని తీసుకెళ్లి భవనం మీద పేరు చెక్కించుకోవడానికి ఖర్చు చేస్తే బాధేస్తుంది. భవనం ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు. పదకొండో ఏడు టెక్నీషియన్ జీతం ఎవరిస్తారన్నది ఆ రోజు ఎవరూ అడగరు.

కుటుంబాల డబ్బుకి బలహీనతలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్లు ఏటా ఆస్తుల్లో సుమారు 5 శాతం ఖర్చు పెడితే చాలు. పన్ను మినహాయింపు మాత్రం ముందే దక్కుతుంది. ఆ మినహాయింపు ప్రజల డబ్బు. కాబట్టి ఏ జంతువు మీద పరిశోధన చేయాలో, ఏ అడవిని వదిలేయాలో ఒక డైనింగ్ టేబుల్ దగ్గర తేలిపోవడం నాకు సమ్మతం కాదు. పైగా సంపదంతా ఒకే కంపెనీ షేర్లలో ఉంటే ప్రమాదం. 2000 తర్వాత టెక్నాలజీ షేర్లు కూలినప్పుడు ప్యాకార్డ్ ఫౌండేషన్ ఆస్తుల్లో సగానికి పైగా కరిగిపోయాయి, గ్రాంట్లు తగ్గించాల్సి వచ్చింది. మార్కెట్ పడిపోయినంత మాత్రాన అడవిలో లెక్కింపు ఆగకూడదు కదా.

అందుకే ఇలాంటి దానం గురించి వార్త వచ్చినప్పుడల్లా నేను అంకె చూడటం మానేశాను. ఎన్నేళ్లకి ఇచ్చారు? జీతాలకి ఉందా, కట్టడాలకేనా? పరిశోధనలో ఏముందో బయటివాళ్లకి చూపిస్తారా? ఇంజనీర్‌నీ జీవశాస్త్రవేత్తనీ ఒకే గదిలో కూర్చోబెట్టే ఏర్పాటు ఉందా? ప్యాకార్డ్ 1996లో చనిపోయారు. ఆ చేప తల లోపల కళ్లు తిరుగుతున్నాయని లోకానికి తెలిసింది పన్నెండేళ్ల తర్వాత. అప్పటికీ ఆ సంస్థకి ఫౌండేషన్ డబ్బు వస్తూనే ఉంది.