రెండు రేకుల చిట్టి కప్పు గారికి వందనాలు

మహా ఘనత వహించిన ప్రభు బల్ల చిట్టి కప్పు గారికి,

క్రీస్తు నామంలో వందనాలు. మీరు క్షేమమని తలుస్తాము. మొన్న మొదటి ఆదివారం, యేసు కడపటి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆ బల్ల దగ్గర, తెల్ల చొక్కాల మీద మీరు వేసిన మరకలు కూడా క్షేమం. మూడు ఉతుకులైనా చెక్కుచెదరలేదు.

మీ ఒంటి తీరు చూస్తే ముచ్చటేస్తుంది. పైన పల్చటి ప్లాస్టిక్ పొర, కింద రూపాయి బిళ్లంత అప్పం, దాని కింద వెండి రేకు, అడుగున చెంచాడు ద్రాక్షరసం. పొరకీ రేకుకీ కొస ఒక్కచోటే. గోరు పెట్టి లాగితే రెండూ కలిసి ఊడతాయి, అప్పం ఎగిరి ముందు వరస కుర్చీ కింద పడుతుంది. ఇక రేకు సంగతి. మీ పక్కలు మెత్తన. గట్టిగా పట్టుకున్నవాళ్లకి రేకు వదిలీ వదలగానే వేళ్ల నొక్కుడుకి రసం ఎగజిమ్ముతుంది. కాబట్టి అంచు పట్టుకోవాలి, నడుము పట్టుకోకూడదు. రేకుని పైకి గుంజకుండా ఏటవాలుగా, నిదానంగా తియ్యాలి. బాప్తిస్మం క్లాసులో ఈ పాఠం చెప్పినవాళ్లు లేరు. చేతులు వణికే అవ్వలు పళ్లతో చింపుకుంటున్నారు.

"అందరం కలిసి పుచ్చుకుందాం" అని పాస్టర్ అయ్యగారు అనగానే మందిరమంతా చిటపట. ఒకరు మింగేశారు, ఒకరు ఇంకా గోరు వెతుక్కుంటున్నారు, యూత్ బ్రదర్ ఒకతను పక్కామెకి తీసిపెట్టబోయి ఆమె చీర తడిపాడు. తొలినాళ్ల కొరింథు సంఘంలో ముందొచ్చినవాళ్లు మెక్కేసి, ఆలస్యంగా వచ్చిన పేదలకి ఏమీ మిగల్చకపోతే, ఒకరికోసం ఒకరు ఆగండయ్యా అని అపొస్తలుడు పౌలు ఉత్తరం రాశాడు. ఆ సమస్యని మీరు చిటికెలో తీర్చేశారు. ఎవరి పొట్లం వాళ్లది, ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కర్లేదు.

2020లో మీరే దిక్కయ్యారు, కాదనం. అప్పుడు పక్కింటివాళ్ల గడప తొక్కాలన్నా భయమే. కానీ మాస్కులు పోయాయి, శానిటైజర్ సీసాలు ఎండిపోయాయి, మీరు మాత్రం డబ్బాల లెక్కన స్టోర్ రూంలో కాపురం పెట్టారు. రేకుల షెడ్డు ఎండకి అప్పం ప్లాస్టిక్ వాసనేసినా సర్దుకున్నాం. (యూట్యూబ్ లైవ్ ముందు బిస్కెట్టూ టీతో బల్ల కానిచ్చేవాళ్ల సంగతి మరో ఉత్తరంలో.)

రొట్టె ఒక్కటే గనక ఎందరమైనా ఒక్క శరీరమని అదే పౌలు లెక్క. రొట్టెలే రెండొందలైతే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? కొండల మీద చెదిరిన గింజలు ఒక్క రొట్టె అయినట్టు సంఘాన్నీ ఒక్కటి చెయ్యమని తొలి శతాబ్దాల క్రైస్తవులు బల్ల దగ్గర ప్రార్థన చేసేవారు. ఫ్యాక్టరీలో గుండ్రంగా కత్తిరించి, ఎవరిది వాళ్లకి సీలు వేసిన బిళ్లల ముందు ఆ ప్రార్థన చేస్తే నవ్వొస్తుంది.

పోనీ అసలు పద్ధతి అంత కష్టమా? రెండొందల మందికి కిలో గోధుమపిండి. తలా ఐదు గ్రాములు పడుతుంది. పులియబెట్టేదేమీ లేదు. మరీ పల్చగా ఒత్తితే అప్పడమై విరిగినచోటల్లా పొడి రాలుతుంది, మరీ మందమైతే నడుమ పచ్చి. అందరికీ ఒకటే పాత్రైతే ఒక్కొక్కరు తాగాక అంచుని తెల్లగుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కవాళ్లకివ్వాలి. ఎంగిలి భయమున్నవాళ్లకి అయ్యగారే రొట్టె ముంచి ఇవ్వొచ్చు. అందరూ వేళ్లు ముంచితే మాత్రం పెదవి తగలడం కంటే అదే అధ్వానం. మంచం పట్టినవాళ్ల మాటేమిటంటారా? రాలేనివాళ్లకి పరిచారకులు అదే రొట్టె తీసుకెళ్లి ఇస్తారని జస్టిన్ అనే క్రైస్తవ రచయిత 2వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు.

ఎంగిలి. ఆ మాట దగ్గరే మర్యాద తప్పుతోంది, ఏమీ అనుకోకు. మన దేశంలో ఒక్క పాత్ర అంటే ఊరికే వచ్చిందనుకున్నావా? టీ కొట్లో రెండు గ్లాసులు పెట్టిన ఊళ్లున్న దేశమిది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కుల భేదాలు వెంటనే, పూర్తిగా వదలాలని ఉత్తర్వు పంపితే, తంజావూరు, మద్రాసు వేపేరి సంఘాల్లో చాలామంది బయటికి నడిచారు. ఆ ఒక్క పాత్ర పక్కవాడి పెదవి తగిలాక తమ దగ్గరికి రావడం వాళ్లు భరించలేనివాటిలో ఒకటి. అంత గొడవపడి గెలిచినదాన్ని నువ్వు చప్పుడు లేకుండా ఎత్తుకుపోయావు. ఇప్పుడు ఎవరూ సంఘం వదిలి వెళ్లనక్కర్లేదు. మాలపల్లె ఎవరో, మాదిగపల్లె ఎవరో, రెడ్డిగారు ఎవరో, ఎవరి కప్పు వాళ్లు పట్టుకుని పక్కపక్కనే హాయిగా కూర్చోవచ్చు. నీ పేరు చెప్పి ఆరోగ్యం అంటారు, నిజమే, ఎవరి ఆరోగ్యానికీ లోటు రాలేదు!

ఆరాధన అయ్యాక ఊడ్చేవాళ్లకి నువ్వు కుర్చీల కింద వందల్లో దొరుకుతావు, సగం సగం రసంతో. మొన్న ఒకదాని చుట్టూ చీమలు మూగాయి. వరసకట్టి, కొమ్ములు తగిలించుకుంటూ, అన్నీ ఒకే కప్పులో.

ఇట్లు,
చివరి వరస కుర్చీ, మరక సహా