తడవని ఈతదుస్తులు: ఒక లాక్షణిక పరిశీలన

బెంగళూరు మారతహళ్లిలో మేము ఉండే వీధి చివర నెల్లూరు వాళ్ల సెలూన్ ఒకటి ఉంది. అందులో బెంచీ మీద ఎప్పుడూ ఒక ఇంగ్లీషు పత్రిక పడి ఉంటుంది. అట్ట ఊడిపోయి ఏళ్లయింది. ఆర్థిక సంస్కరణల మీద వ్యాసం ఉన్న పేజీలు ఇప్పటికీ కొత్త నోట్లలా కరకరలాడుతున్నాయి. మధ్యలో ఓ నాలుగు పేజీలు మాత్రం ఉతికి ఉతికి కట్టిన పంచెలా మెత్తబడిపోయాయి. పత్రికను ఎలా పడేసినా అక్కడే తెరుచుకుంటుంది. పదకొండేళ్లుగా ఆ షాపులో తల అప్పగిస్తున్నాను. ఆ పేజీలు చూస్తున్న మనిషి ఒక్కడూ నా కంటపడలేదు. వచ్చినవాళ్లందరూ ఆర్థిక సంస్కరణలే చదువుతున్నారు.

ఆ నాలుగు పేజీల్లో ఉన్నవి సముద్రతీరాన తీసిన ఈతదుస్తుల ఫ్యాషన్ ఫోటోలు. సమాజం ఇంత శ్రద్ధగా చూడనట్టు నటించే కళ మరొకటి లేదు కనుక, దాన్ని శాస్త్రీయంగా పరిశీలించే భారం నా నెత్తిన వేసుకున్నాను. నా దృష్టి అంతా కాంతి మీద, కోణం మీద, కెమెరా పనితనం మీద. ఈ మాట మా ఆవిడకు కూడా స్పష్టంగా చెప్పాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ "సరే" అంది. ఆ "సరే"లో ఉన్న ఛాయలను పట్టుకోగల కెమెరా ఇంకా తయారు కాలేదు.

ముందు, ఇది పరాయి సంస్కృతి అని గొడవ చేసేవాళ్ల నోరు మూయించాలి. కావ్యంలో పద్దెనిమిది వర్ణనలు ఉండాలని మన ఆలంకారికులు ఎప్పుడో నియమం పెట్టారు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, సూర్యోదయం, ఉద్యానం, సలిలక్రీడ (అంటే జలకాలాట), మధుపానం, ప్రయాణం... ఇలా సాగుతుంది పట్టిక. ఏ పత్రికదైనా ఈతదుస్తుల ప్రత్యేక సంచిక తెచ్చి టిక్కులు పెట్టుకుంటూ వెళ్లండి. సముద్రం ఉంది. సూర్యోదయం ఉంది, అది లేకపోతే ఫోటోయే లేదు. వేసవి ఉంది. అంత దూరపు దీవికి నడిచి వెళ్లరు కనుక ప్రయాణం ఉంది. కాగితపు గొడుగు గుచ్చిన గ్లాసులో మధుపానం ఉంది. ప్రబంధాలు చదివిన మన పూర్వులు కూడా నాయికా వర్ణన దగ్గర పుస్తకం దానంతట అదే తెరుచుకుంటే, సమాసాల కోసం చూస్తున్నామనే చెప్పారు. సెలూన్ బెంచీకి దక్కింది ఆ పాండిత్యమే.

పట్టికలో సలిలక్రీడ ఒక్కటే తేడా వస్తోంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కొంచెం చరిత్ర చెప్పకపోతే పరిశీలన అనిపించుకోదు. 1946 జూలై 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల దగ్గర అణుబాంబును పరీక్షించింది. నాలుగు రోజులు తిరిగేసరికి, జూలై 5న, పారిస్‌లో ఒక ఈతకొలను ఒడ్డున లూయీ రెయార్ అనే ఆయన తాను తయారుచేసిన రెండు ముక్కల ఈతదుస్తును ఆ దీవి పేరుతోనే లోకానికి చూపించాడు. ఈయన అసలు కార్ల ఇంజనీరు. ఇంజనీరింగ్ చదివి దానితో సంబంధం లేని పనిలో స్థిరపడడం తెలుగువాళ్లమే కనిపెట్టామని ఇన్నాళ్లూ అనుకున్నాను. మామూలు మోడళ్లు ఎవరూ ఒప్పుకోకపోతే మిషెలిన్ బెర్నార్దినీ అనే నర్తకి ఆ దుస్తు వేసుకుని, అది మొత్తం పట్టేంత చిన్న పెట్టెను చేత్తో పట్టుకుని ఫోటోకు నిలబడింది. ఇక్కడ సిరిసిల్ల నేతగాళ్ల తరఫున నాదొక అభ్యంతరం. నిలువెత్తు మనిషికి కట్టే చీరను అగ్గిపెట్టెలో పట్టించిన వాళ్లు మనవాళ్లు. జానెడు గుడ్డను పెట్టెలో పెట్టి పేరు కొట్టేయడం ఏం న్యాయం?

పత్రికల్లో దీనికి ప్రత్యేక సంచికల యోగం పట్టింది మాత్రం చలి వల్ల. అమెరికాలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అనే పత్రికకు శీతాకాలంలో ఆటలు పలచబడి పేజీలు నిండేవి కావు. 1964 జనవరిలో మెక్సికోలోని కొజుమెల్ దీవిలో తీసిన ఈతదుస్తుల ఫోటోలతో ఆ ఖాళీ పూడ్చారు. గోతిలో మట్టి పోస్తే గుట్ట లేచినట్టు, కొన్నేళ్లకు ఆ పత్రిక పేరు చెబితే ఆటల కంటే ముందు ఆ సంచికే గుర్తుకొచ్చేది. జూల్ క్యాంప్‌బెల్ అనే సంపాదకురాలు ముప్పై ఏళ్ల పాటు దాన్ని నడిపింది. ఫోటో పక్కన మోడల్ పేరు కూడా అచ్చు వేయాలని పట్టుబట్టింది ఆవిడే. 1978లో చేపల వల లాంటి దుస్తు ఫోటో ఒకటి వస్తే మండిపడి చందాలు మానేసిన పాఠకులు ఉన్నారు. అంటే ఆ పేజీ చూశామని బాహాటంగా ఒప్పుకున్నారు. మా సెలూన్‌లో అంత ధైర్యవంతులు లేరు.

ఇక మన ఊరి ఘనత. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఏ దిక్కున బయలుదేరినా 300 కిలోమీటర్లకు పైగా రోడ్డు కొలిస్తే తప్ప అల కనిపించని బెంగళూరు నుంచే దేశంలో అందరికీ తెలిసిన ఈతదుస్తుల క్యాలెండర్ పుట్టింది. 2003లో ఇక్కడి బీరు కంపెనీ కింగ్‌ఫిషర్ పేరు మీద, అతుల్ కస్బేకర్ కెమెరాతో దాన్ని మొదలుపెట్టింది. 2006 క్యాలెండర్‌లో ఈ ఊళ్లోనే పెరిగిన దీపికా పదుకొణె కనిపించింది. ఆలంకారికుల పట్టిక చేతిలో ఉంది కనుక ఆ సంస్థ అప్పటి అధిపతి విజయ్ మాల్యాను కూడా దానితో కొలిచి చూశాను. బీరు రూపంలో మధుపానం. 2005లో విమాన సంస్థ పెట్టి ప్రయాణం. యూబీ సిటీ కట్టి నగర వర్ణన. 2008లో క్రికెట్ జట్టును కొని యుద్ధ వర్ణన. 2012లో విమానాలు నేలకు దిగి మళ్లీ లేవలేదు. 2016 మార్చిలో ఆయన దేశం దాటి వెళ్లడంతో బ్యాంకులకు విప్రలంభం, అంటే విరహం, కూడా సమకూరింది. ఇన్ని లక్షణాలు ఒక్క మనిషిలో కుదరడం అరుదు.

ఆ క్యాలెండర్ ఒకటి ఎవరి ద్వారానో మా ఇంటికి చేరింది. పండక్కి వచ్చిన పెదనాన్నగారు దాన్ని చూసి తీవ్రంగా ఆక్షేపించారు. తిథి లేదు, నక్షత్రం లేదు, రాహుకాలం లేదు, ఏకాదశి ఎప్పుడో తెలియదు. "ఇది క్యాలెండర్ ఎలా అవుతుందిరా?" అని నిలదీశారు. ఆయన చదువుకున్న మనిషి, చూడకుండా తీర్పు చెప్పరు. ఉగాది ఎక్కడ వేశారో అని మార్చి తిరగేశారు. ఏప్రిల్ తిరగేశారు. జాగ్రత్త కోసం నవంబరులో కూడా వెతికారు.

ఇంతవరకు చెప్పింది పుస్తక జ్ఞానం. అసలు జ్ఞానం నాకు ఒక డిసెంబరు తెల్లవారుజామున కలిగింది.

మా అక్క కూతురు ఈ ఊళ్లో ఒక ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ దగ్గర సహాయకురాలిగా పనిచేస్తోంది. ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "మామయ్యా, రేపు దేవనహళ్లి అవతల రిసార్టులో షూటింగ్. మా కుర్రాడికి జ్వరం. నువ్వు వచ్చి అట్ట పట్టుకుంటావా? పెద్ద పనేమీ ఉండదు." దేని షూటింగ్ అని అడిగాను. వేసవి సంచికకు ఈతదుస్తులు అంది. కళకు మనవల్ల ఒక ఉపకారం జరుగుతుందంటే ఎలా కాదంటాను? మా ఆవిడకు విషయం చెప్పాను. "సరే" అంది. స్వెటర్ వేసుకుని వెళ్లమంది.

స్వెటర్ మీద మఫ్లర్ కూడా చుట్టుకుని వెళ్లాను. అక్కడ పన్నెండు మంది పనివాళ్లు ఉన్నారు, పన్నెండు మందీ నాలాగే ఉన్నారు. వేసవిని అభినయించే బాధ్యత ఒక్క మనిషిది. ఆ అమ్మాయి రగ్గు కప్పుకుని, పొట్టకు వేడినీళ్ల సంచి అదుముకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పిలవగానే రగ్గు తీసేసి వెళ్లి కొలను గట్టు మీద మే నెలలా నిలబడింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ప్రబంధ కవి అయితే పులకాంకురాలు అని నాలుగు పద్యాలు చెప్పేవాడు. ఫోటోగ్రాఫర్ కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడి వైపు తిరిగి, "ఇవి తర్వాత తుడిచెయ్" అన్నాడు.

దుస్తును ముందు నుంచి చూస్తే ఒంటికి పోతపోసినట్టు ఉంది. నాకు ఇచ్చిన చోటు కొంచెం పక్కకు, వెనకగా. అక్కడి నుంచి చూస్తే దర్జీ దుకాణమే. వదులుగా ఉన్న గుడ్డనంతా వెనక్కి లాగి, మా ఇంట్లో దండెం మీద వాడే లాంటి క్లిప్పులు ఐదు పెట్టారు. అంచులు జారకుండా రెండు వైపులా అంటుకునే టేపు వేశారు. భుజాల మీద నీటిబొట్లు ఉన్నాయి, కానీ నీళ్లు కావు. ఉత్త నీళ్లయితే జారిపోతాయట, గ్లిజరిన్ కలిపి పిచికారీ కొడితే ముత్యాల్లా నిలబడతాయట. దుస్తు మీద జరీ పని ఉంది, అది తడవకూడదు. జుట్టు అసలే తడవకూడదు, దాన్ని తడిసినట్టు కనిపించేలా దువ్వడానికి గంటన్నర పట్టింది. సలిలక్రీడ తేడా వస్తోందని ముందే అన్నాను కదా. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చి, తాగేనీళ్లు ఈతకొలనుల్లో పోస్తే ఐదు వేలు జరిమానా అని ఈ ఊరి జలమండలి ఉత్తర్వు ఇచ్చినప్పుడు అపార్టుమెంట్ల వాళ్లు గగ్గోలు పెట్టారు. ఈ కళకు మాత్రం ఆ ఉత్తర్వు వెంట్రుకవాసి కూడా తగలదు.

కొలను వెనక సగం కట్టిన అపార్టుమెంటు ఒకటి, దుమ్ము పడకుండా ఆకుపచ్చ వల కప్పుకుని నిలబడి ఉంది. ఫోటోగ్రాఫర్ నేల మీద బోర్లా పడుకున్నాడు. కింద నుంచి తీస్తే కాళ్లు పొడవుగా వస్తాయి, గోడ దాక్కుంటుంది. పొడుగు లెన్సు పెట్టి, వెనక ఉన్నదంతా అలుక్కుపోయేలా చేశాడు. తెర మీద చూస్తే ఆకుపచ్చ వల కాస్తా కొబ్బరితోట అయిపోయింది. లెన్సు ముందు తిప్పే గాజుబిళ్ల ఒకటి ఉంది, పోలరైజర్ అంటారు. దాన్ని తిప్పితే నీటి మీద తళతళ పోయి అడుగు తేటగా కనిపిస్తుంది. తిప్పాడు. అడుగున ఒక హవాయి చెప్పు కనిపించింది. మళ్లీ వెనక్కి తిప్పాడు. మధ్యధరా సముద్రం తిరిగి వచ్చింది.

నాకు అప్పగించింది నాలుగడుగుల థర్మాకోల్ అట్ట. పొద్దున్నే సూర్యుడు ఒక పక్క నుంచి కొడతాడు కనుక ముఖం రెండో పక్క, కళ్ల గుంటలు నల్లబడతాయి. ఆ వెలుగును అట్ట మీద పట్టి తిరిగి ముఖం మీద పోయాలి. వెండి రంగు అట్ట అయితే కళ్లు చిట్లిస్తారు, తెల్లదైతే మెత్తగా పడుతుంది. మన అక్షాంశంలో సూర్యుడు ఏటవాలుగా తీరిగ్గా ఎక్కడు, నిచ్చెన వేసుకున్నట్టు నిటారుగా ఎక్కేస్తాడు. మంచి వెలుగు గంటసేపు ఉంటే ఎక్కువ. ఆ గంటా నేను అట్టను తల పైన పట్టుకుని, గాలి వచ్చినప్పుడల్లా తెరచాప ఎత్తిన పడవలా కొలను వైపు కొట్టుకుపోతూ, మళ్లీ వెనక్కి వస్తూ గడిపాను.

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని ఉండేది. ఫోటోగ్రాఫర్ ఒకటి, రెండు, మూడు అనగానే తెరిచేది, క్లిక్కు పడేది, మళ్లీ మూసేది. వెలుగుకు కళ్లు అలసిపోకుండా అదొక పద్ధతి. నాలుగో విడతలో కళ్లు మూసుకునే, పెదవులు కదిలీ కదలకుండా, శుద్ధమైన తెలుగులో అంది: "బాబాయ్ గారూ, అట్ట రెండంగుళాలు దించండి. వెలుగు మెడ దగ్గరే ఆగిపోతోంది."

దించాను. కెమెరా వెనక నుంచి "అదీ!" అని కేక వచ్చింది. కళ్లు మూసుకుని ఎలా చెప్పగలిగిందని తర్వాత టీ దగ్గర అడిగాను. చెంప మీద వెచ్చదనం ఎక్కడ తగులుతోందో దాన్నిబట్టి తెలుస్తుందండీ అంది. తొమ్మిదేళ్లుగా ఇదే పనట. రగ్గులోంచి చెయ్యి తీసి టీ గ్లాసు పట్టుకున్నప్పుడు వేళ్లు వణుకుతున్నాయి. గట్టు మీద నిలబడ్డంతసేపూ ఒక్కసారి కూడా వణకలేదు.

ఆదివారం సెలూన్‌లో ఇవన్నీ వివరంగా చెప్పాను. క్లిప్పులు, గ్లిజరిన్, పోలరైజర్, రెండంగుళాల వెలుగు. కుర్చీలో ఉన్నాయన నురగలోంచి ఓపిగ్గా విని, "అవన్నీ సరే గానీ, ఏం చూశారో చెప్పండి" అన్నాడు. థర్మాకోల్ చూశానన్నాను. ఒక్కరూ నమ్మలేదు. బెంచీ మీద పత్రిక ఎప్పటి చోటే తెరుచుకుని ఉంది. నేను ఈసారి అందరి ఎదుటే తీసి, ఆ నాలుగు పేజీలూ కంటికి దగ్గరగా పెట్టుకుని నడుము వెనక క్లిప్పు జాడ కోసం వెతికాను. బెంచీ అంతా గొంతు సవరించుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆ రాత్రి భుజాలు పట్టేసి దువ్వెన కూడా ఎత్తలేకపోయాను. మా ఆవిడ అమృతాంజనం రాస్తూ, ఏమిటీ నొప్పి అంది. అట్ట పట్టుకుని పట్టుకుని అన్నాను. ఏ అట్ట అంది. థర్మాకోల్ అన్నాను.

రాయడం ఆపింది. సీసా మూత బిగించింది.

"థర్మాకోల్ బరువు," అంది, "సరే."